పీటీఎస్‌డీ ఉన్న మాజీ సైనికులను రెస్టారెంట్‌కు తీసుకెళ్తే అంతా రసాభాస అయింది. ఇక బయటకు తీసుకెళ్లకూడదా?

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. జులై మొదటి వారంలో ఒక ఆదివారం రాత్రి, మీ నాన్నగారి పుట్టినరోజుకు ఆయననూ, మాజీ సైనికులైన ఆయన మిత్రులు ఇద్దరినీ హైదరాబాద్‌లో పేరున్న ఒక గ్రిల్ బఫే రెస్టారెంట్‌కు తీసుకెళ్లారు. ముగ్గురికీ పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవాల తర్వాత పట్టుకునే మానసిక జబ్బు, ఉందని డాక్టర్లు ఇదివరకే చెప్పారు. నాన్నగారు కార్గిల్‌లో ఉన్నారు. మిత్రుల్లో పెద్దాయన శాంతిసేనతో శ్రీలంక వెళ్లొచ్చారు. మూడో ఆయన కశ్మీర్‌లో మందుపాతర పేలుడు నుంచి బయటపడ్డారు. మీకు హాలు నడిమధ్యలో బల్ల ఇచ్చారు. పాటల హోరు తగ్గించమంటే కుదరదన్నారు. కేకు కోసే వేళ సిబ్బంది వెనక నుంచి వచ్చి, మైకులో ‘కార్గిల్ హీరో’ అని ప్రకటించి, చప్పట్లు కొడుతూ తల మీద పార్టీ పాపర్ పేల్చారు. నాన్నగారు బల్ల కిందికి వంగిపోయారు. పెద్దాయన పాపర్ పేల్చిన కుర్రాడి మణికట్టు పట్టుకుని మెలితిప్పారు. మూడో ఆయన మాయమై చివరికి పార్కింగ్‌లో దొరికారు. మేనేజరు వచ్చి ‘తాగి వచ్చారా’ అని అడిగి, తినని భోజనానికి సర్వీస్ ఛార్జీతో సహా బిల్లు చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నాన్నగారు గడప దాటడం లేదు. తప్పు మీదా, హోటల్‌దా? మళ్లీ బయటకు తీసుకెళ్లొచ్చా? నవంబరులో చెల్లెలి పెళ్లి ఎలా? ఇవీ మీ ప్రశ్నలు.

సూటిగా జవాబు: తీసుకెళ్లండి, తప్పకుండా తీసుకెళ్లండి. అయితే అలాంటి చోటికి వద్దు, అలాంటి వేళకు వద్దు, మొదటిసారే ముగ్గురినీ కలిపి వద్దు. ముఖ్యంగా, నాన్నగారికి ముందు చెప్పకుండా ఏదీ చేయవద్దు. ఏం జరగబోతోందో తెలియకపోవడం, తెలిశాక ఆపే వీలు లేకపోవడం, ఈ రెండే ఆ రాత్రి ఆయన్ను దెబ్బతీశాయి. ఆ రెండూ లేని చోట ఆయన హాయిగా కూర్చుని ఇడ్లీ తినగలరనే నా నమ్మకం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సైనిక ఆసుపత్రుల్లో మానసిక విభాగంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఇప్పుడు సైనిక్‌పురి, యాప్రాల్ వైపు ఉండే మాజీ సైనికులం కొందరం క్రమం తప్పకుండా కలుస్తుంటాం. ఒక సైకాలజిస్టు మాకు తోడుంటారు. కలిసినప్పుడల్లా ఏదో ఒక హోటల్‌కు వెళ్లడం మా అలవాటు. కాబట్టి మీరడిగిన విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. నేను డాక్టరును కాను. మందుల దగ్గర మీ డాక్టరు మాటే ఖాయం.

పీటీఎస్‌డీ అంటే పాత సంగతులు గుర్తొచ్చి బాధపడడం అని చాలామంది అనుకుంటారు. గుర్తు రావడం దాకా పోకముందే ఒళ్లు స్పందిస్తుంది, చిక్కంతా అక్కడే. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. ఆలోచించే భాగానికి కబురు చేరేలోపే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఫిరంగి గుండు పడుతున్నప్పుడు ‘ఇదేం చప్పుడు’ అని ఆలోచిస్తూ నిలబడ్డవాడు తిరిగి రాడు. చప్పుడు చెవిన పడగానే నేలకు అంటుకుపోయినవాడే వచ్చాడు. మీ నాన్నగారు ఆ రోజు బల్ల కింద చేసింది 1999లో ఆయన ప్రాణం కాపాడిన పనే. అది పిరికితనమని ఆయన తనను తాను తిట్టుకుంటూ ఉంటారు, నాకు తెలుసు, అందరూ అంతే. కుదిరితే ఈ ఒక్క పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఈ జబ్బు 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి ఎక్కింది. 2013లో సవరించిన వర్గీకరణ లక్షణాలను నాలుగు గుంపులుగా చెబుతుంది: జరిగింది మళ్లీ మళ్లీ మీద పడడం, గుర్తుచేసేవాటికి దూరంగా తొలగిపోవడం, మనసూ ఆలోచనా మసకబారడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండి చిన్నదానికే ఉలిక్కిపడడం. మీరు రాసిన ఒక్క రాత్రిలో నాలుగూ కనిపిస్తున్నాయి. ఇప్పుడు గడప దాటకపోవడం రెండో గుంపు. మీరు భయపడాల్సింది ఆ ఉలికిపాటుకు కాదు, దీనికి. ఉలికిపాటు పది నిమిషాల్లో తగ్గుతుంది. తొలగిపోవడం మాత్రం ఇవాళ రెస్టారెంట్, రేపు గుడి, ఎల్లుండి మనవడి స్కూలు అంటూ మనిషి లోకాన్ని కొంచెం కొంచెంగా కోసేస్తుంది. అందుకే తీసుకెళ్లండి అంటున్నాను.

మీ ఉత్తరంలో మీరు దాటిపోయిన విషయం ఒకటుంది, తేదీ. జులై మొదటి వారం. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ శిఖరం తిరిగి మన చేతికి వచ్చింది 1999 జులై 4న. తోలోలింగ్ శిఖరం జూన్ 13న. ఆ యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు. మీ నాన్నగారు ఏ పోస్టులో ఉన్నారో మీరు రాయలేదు, ఆయన మీకు చెప్పి కూడా ఉండరు. కానీ ఆ వారాల్లో, ఆ శిఖరాలున్న ద్రాస్ వైపు ఉన్న మనిషికి జూన్, జులై నెలలు క్యాలెండరులో మామూలు నెలలు కావు. ఏటా ఆ రోజులు దగ్గర పడుతుంటే నిద్ర తగ్గి, చిరాకు పెరిగేవాళ్లను నేను వార్డులో చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను. తన పక్కన ఉన్నవాడు పోయిన వారంలోనే తన పుట్టినరోజు, దాని మీద మైకులో ‘హీరో’ అన్న పిలుపు. హాలంతా తిరిగి చూసి చప్పట్లు కొడుతుంటే ఆయన మనసులో ఏ పేర్లు మెదిలాయో మనం ఊహించగలం. చాలామంది ఫౌజీలకు ఆ పొగడ్త ముల్లులా గుచ్చుకుంటుంది. బతికి వచ్చినందుకే లోపల ఒక మూల సిగ్గుపడుతూ ఉంటారు. వచ్చే ఏడాది పుట్టినరోజు ఎప్పుడు, ఎలా చేసుకుందామో ఆయన్నే అడగండి. ‘ఈ నెల వద్దు’ అంటే ఆగస్టులో చేయండి. అస్సలు వద్దంటే పాయసం చేసి ఊరుకోండి.

ఇక హాలు సంగతి. ఆ రెస్టారెంట్ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను, ఆ తరహావన్నీ ఒకలాగే ఉంటాయి. బల్ల మధ్యలో నిప్పుల కుంపటి. నాలుగు పక్కలా కాలుతున్న మాంసం వాసన. వాసనకు, భయం జ్ఞాపకానికి మెదడులో దగ్గరి దారి ఉంటుంది. మందుపాతర పేలుడు నుంచి బయటపడిన మనిషికి ఆ వాసన ఏం గుర్తుచేస్తుందో ఇక్కడ విడమరచి రాయను. ‘ఆయన మొదటి నుంచీ ముద్ద ముట్టలేదు, ఉపవాసమేమో అనుకున్నాం’ అని మీరు రాశారు. ఉపవాసం కాకపోవచ్చు. దానికి తోడు సుయ్యిమని పొగ చిమ్ముతూ వచ్చే సిజ్లర్ పళ్లేలు, ఎంగిలి పళ్లేలు తొట్టిలో వేసే ధడేల్ ధడేల్ చప్పుడు, వీపు వెనక నుంచి చెయ్యి చాపి నీళ్లు పోసే సర్వర్. వీపు వెనక ఎవరున్నారో తెలియని చోట ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ అన్నం తినలేరు.

అన్నింటినీ పీటీఎస్‌డీ ఖాతాలో వేయవద్దు కూడా. ముందు చెవులు పరీక్ష చేయించండి. ఫిరంగుల దగ్గరా, పేలుళ్ల దగ్గరా పనిచేసినవాళ్లలో వినికిడి తగ్గడం, చెవిలో హోరు ఉండడం మామూలు. మాతో వచ్చే ఒక గన్నర్ ఏ హోటల్‌కు వెళ్లినా పావుగంటలో ముఖం ముడుచుకుని కూర్చునేవారు. అందరం మానసిక సమస్యే అనుకున్నాం. తీరా చూస్తే ఎడమ చెవి దాదాపు వినిపించదు. గోలలో ఎవరేం మాట్లాడుతున్నారో అందక, మాటిమాటికీ అడగడం నామోషీ అనిపించి ఊరుకునేవారట. ఇప్పుడు ఎడమవైపు గోడ ఉండేలా కూర్చోబెడతాం. ఆయన జోకులు ఆపడం ఇప్పుడు మాకు సమస్య.

చప్పుడు లేకపోతే చాలనుకోవడం కూడా పొరపాటే. శ్రీలంకలో 1987 నుంచి 1990 దాకా మన శాంతిసేన ఉంది. అందులో పనిచేసిన ఒకాయన మాతో హైవే పక్కన ఒక తోట రెస్టారెంట్‌కు వచ్చారు. ప్రశాంతమైన చోటు, జనం లేరు, పాటల్లేవు. చెట్ల మధ్య అక్కడక్కడ బల్లలు, సన్నటి దీపాలు. ఆయన కూర్చోలేదు, కారు దగ్గరే నిలబడ్డారు. అడిగితే చాలాసేపటికి, తాటిచెట్ల వైపు చూడకుండా, ‘జాఫ్నాలో అన్నీ ఇవే’ అన్నారు. ఆ రోజు రోడ్డుకు అవతల ట్యూబులైట్లు వెలుగుతున్న లారీల ధాబాలో తిన్నాం. అక్కడ ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఎవరికి ఏది గుచ్చుతుందో బయటివాళ్లం ఊహించలేం, వాళ్లను అడగడమే దారి. ‘ఎందుకు భయం’ అని అడగవద్దు. ‘ఎక్కడ కూర్చుందాం, ఏ వేళకు వెళదాం, ఎంతసేపు ఉందాం’ అని అడగండి.

మళ్లీ మొదలుపెట్టడం ఎలాగో నా పద్ధతి చెబుతాను. దీనికి మూలం ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు అభివృద్ధి చేసిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే చికిత్సలోని ఒక భాగం. తప్పించుకుంటున్న చోట్లను తేలిక నుంచి కష్టానికి వరసపెట్టి, ఒక్కొక్కటే అలవాటు చేసుకుంటూ పోవడం. అసలు చికిత్స శిక్షణ పొందినవాళ్ల దగ్గరే తీసుకోవాలి. హోటల్ వరకు ఇంటివాళ్లు సాయపడొచ్చు.

మొదటిసారి భోజనానికి కాదు, కాఫీకి వెళ్లండి. పొద్దున టిఫిన్ల రద్దీ తగ్గాక, పదిన్నర ప్రాంతంలో, కౌంటరులో ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకునే ఉడిపి హోటల్‌కు వెళ్లండి. ఈ టోకెన్ పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో చాలా పెద్దది. డబ్బు ముందే కట్టేశాక ఏ క్షణమైనా లేచి వెళ్లిపోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఖరీదైన చోట బిల్లు వచ్చి, కార్డు గీకి, చిల్లర తేలేదాకా మనిషి బందీ. వెళ్లిపోవచ్చని తెలిసినవాడు చాలాసార్లు వెళ్లడు. లేవలేనని అనిపించినవాడికే ఊపిరాడదు.

గోడకు ఆనుకుని, తలుపు కనిపించే కుర్చీ ఆయనది. మీరు ఎదురుగా కూర్చోండి. ఇద్దరి మధ్య ఒక సైగ అనుకోండి, మా వాళ్లలో ఒకాయన గ్లాసు బోర్లిస్తారు. ఆ సైగ కనిపిస్తే మారు మాట లేకుండా లేవాలి, ‘ఇంకో రెండు నిమిషాలు’ అనకూడదు. సైగ ఇవ్వకపోతే, కాస్త ఇబ్బందిగా ఉన్నా ఓర్చుకోగలిగితే, భయం తారస్థాయిలో ఉన్నప్పుడు కాక కొంచెం దిగాక లేవడం మేలు. లేకపోతే ‘బయటకు వచ్చాను కాబట్టే బతికాను’ అని ఒళ్లు పాఠం నేర్చుకుంటుంది. అయితే ఆ నిర్ణయం ఆయనదే, మీది కాదు.

మందుపాతరలు ఏరే పని చేసిన ఒకాయన పక్క బల్ల కింద ఎవరో వదిలేసిన బ్యాగును చూస్తూ దోసె మొత్తం చల్లారబెట్టుకున్నారు. తర్వాతి నుంచి లోపలికి వెళ్లగానే ఒక చుట్టు చుట్టి చూసుకుని రమ్మంటున్నాం. ఇలాంటి ఊతాలు మొదట్లో పనికొస్తాయి, కలకాలం ఉంచుకుంటే జబ్బుకే కాపలా కాసినట్టవుతుందని మా సైకాలజిస్టు హెచ్చరిస్తుంటారు. ఆవిడ మాట నిజమే. కానీ దోసె వేడిగా తినడం కూడా ముఖ్యమే కదా అని నా వాదన. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.

ముగ్గురూ కలిసి వెళ్లడం మంచిదా చెడ్డదా? రెండూ. తనలాంటివాడు పక్కనుంటే ఏదీ వివరించాల్సిన పని లేదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి, ఇంటింటా ఫౌజీలున్న ఊళ్లలో రచ్చబండే సగం మందు. నగరంలో అపార్టుమెంటులో అది దొరకదు, కాబట్టి ఆ స్నేహాన్ని కాపాడండి. కానీ ఒకరు ఉలిక్కిపడితే మిగతా ఇద్దరి ఒళ్లూ అదే ప్రమాద సూచనగా తీసుకుంటుంది. మీకు ఆ రాత్రి జరిగింది అదే. మొదట ఒక్కొక్కరు విడిగా ఒక చోటు అలవాటు చేసుకున్నాక, అదే చోటికి ముగ్గురినీ రమ్మనండి. ఇంకో మాట: ఫౌజీల కలయిక అనగానే క్యాంటీన్ రమ్ము గుర్తొస్తుంది. ఈ జబ్బులో తాగుడు ఆ పూటకు నిద్ర పట్టిస్తుంది, ఆ తర్వాత ఉన్న నిద్రనూ పాడుచేస్తుంది. భోజనం ఉన్న రోజు అది ఉండకూడదని మా దగ్గర కట్టడి.

ఒకవేళ మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి? వెనక నుంచి ముట్టుకోవద్దు, చుట్టూ మూగవద్దు. ఒక్కరే, ఎదురుగా, కాస్త ఎడంగా, తగ్గు స్వరంతో మాట్లాడాలి. ‘ఏమీ కాలేదు’ అనడం దండగ, ఆయన ఒంటికి చాలా అయింది. ‘నాన్నా, నేను. మనం హైదరాబాద్‌లో హోటల్లో ఉన్నాం. పేలింది కాగితాల పాపర్. తలుపు కుడివైపు ఉంది, బయటికి వెళదామా?’ అని చోటు, చప్పుడు, దారి మూడూ చెప్పండి. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనే అభ్యాసం ఒకటుంది, కొందరికి బాగా పనిచేస్తుంది. పాత సుబేదార్లు మాత్రం చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వుతారు. వాళ్లను బయట నిలబెట్టి, ఎదుటి దుకాణాల బోర్డులు గట్టిగా చదవమంటాను. పని ఒకటే, నామోషీ ఉండదు.

ఇప్పుడు హోటల్ సంగతి. పుట్టినరోజుకు పాట పాడడం, పాపర్ పేల్చడం వాళ్లు అందరికీ చేసేదే, అందులో దురుద్దేశం వెతకను. మీరు ముందుగా చెప్పకపోతే వాళ్లకు తెలియదు. కానీ పాటల హోరు తగ్గించమంటే తగ్గించకపోవడం, భయంతో వణుకుతున్న మనిషిని తాగుబోతు అనడం, ఈ రెంటికీ సాకు లేదు. ఫిర్యాదు చేయాలనుకుంటే యజమానికి నేరుగా ఉత్తరం రాయండి: తేదీ, వేళ, ఏం అడిగారు, ఏమన్నారు, అంతే. సర్వీస్ ఛార్జీని తనంతట తాను బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ సొమ్ము వరకైనా అడగొచ్చు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఆన్‌లైన్‌లో రాయాలా అని కూడా అడిగారు. రాస్తే ఆయన పేరు, ఫోటో, జబ్బు పేరు రాయవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే మనిషి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. ఆసుపత్రి దాచాల్సినదాన్ని ఇంటివాళ్లే చాటితే ఎలా? ‘ఎర్రగడ్డ’ అన్న పేరు ఇప్పటికీ ఎగతాళిగా వాడే నగరం మనది. ఆ ఆసుపత్రి మీద నాకు గౌరవముంది, ఆ ఎగతాళి మీద లేదు.

మణికట్టు నొప్పిపుట్టిన ఆ కుర్రాడిని మాత్రం మరచిపోవద్దు. పొట్టకూటికి ఎక్కడి నుంచో వచ్చి, మేనేజరు చెప్పిన పని చేశాడు. పెద్దాయనకు కూడా అది మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆయన తరఫున మీరే వెళ్లి క్షమాపణ చెప్పొచ్చా అని ముందు ఆయన్ను అడగండి. తానే వస్తానంటే, రద్దీ లేని వేళ చూసి బయట గుమ్మం దగ్గర కలవనివ్వండి. బలవంతం మాత్రం చేయవద్దు. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లందరూ మీద పడతారన్న భయం తప్పు, చాలామంది మీరు రాసిన మూడో ఆయనలా చప్పుడు చేయకుండా తప్పుకునేవాళ్లే.

చికిత్స గురించి కొద్దిగా. నాన్నగారు వారాలుగా గడప దాటడం లేదంటున్నారు కాబట్టి దీన్ని ‘అలకలే’ అని వదలవద్దు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే దగ్గరి పాలీక్లినిక్‌కు వెళ్లి మానసిక వైద్యుడికి రిఫరల్ తీసుకోండి. ఆయన రానంటే ముందు మీరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మాట్లాడి చేసే చికిత్సల్లో నేను పైన చెప్పిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఆ ఘటన గురించిన ఆలోచనలను సరిచూసుకునే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ అనేవాటికి మంచి ఆధారాలున్నాయి. మందుల్లో సెర్ట్రలిన్ వంటివి వాడతారు. దుకాణంలో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయవద్దు, అవి ఈ జబ్బును తగ్గించవు, అలవాటు చేస్తాయి.

ఇంట్లో లైసెన్స్ తుపాకీ ఉందా? రిటైరయ్యాక బ్యాంకుల్లో సాయుధ గార్డుగా చేరడానికి సొంత తుపాకీ కొన్నవాళ్లు మనలో చాలామంది. మీ నాన్నగారికో, మిత్రులకో ఉంటే, ఈ గడ్డు రోజుల్లో అది ఇంట్లో ఉండకూడదు. లైసెన్స్ ఉన్న ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ అధీకృత డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయొచ్చు. ‘నేను లేకపోతే మీకు సుఖం’ లాంటి మాట ఒక్కటి వినిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.

చివరికి నవంబరు పెళ్లి. రెస్టారెంట్ కన్నా ఇదే కష్టం, ఎందుకంటే పెళ్లికూతురి తండ్రి మూలన కూర్చోలేరు. గట్టిమేళం ఆయన భుజం పక్కనే, ఒక్కసారిగా మోగుతుంది. అది ఆపమని ఎవరూ అనరు, అనక్కర్లేదు కూడా, ఎప్పుడు మోగుతుందో ఆయనకు తెలిస్తే చాలు. పురోహితుడితో ముందే మాట్లాడి, ‘గట్టిమేళం’ అనే ముందు నాన్నగారి వైపు చూసి తల ఊపమనండి. మేళంవాళ్లను వేదికకు దూరంగా, ఆయనకు ఎదురుగా కనిపించే చోట కూర్చోబెట్టండి. ముందు రోజు సాయంత్రం వాళ్లు వాయిస్తుంటే ఒక్కసారి వినిపించండి. వీడియో తీసేవాళ్లను వీపు వెనక తిరగనివ్వవద్దు. వధూవరుల ప్రవేశానికి, తలంబ్రాల వేళ ఈవెంటువాళ్లు కాగితాలు పేల్చే గొట్టాలు, రవ్వలు చిమ్మే ‘చల్లని మంటలు’ (కోల్డ్ పైరో) పెడుతుంటారు. అవేవీ వద్దని ఒప్పందంలో రాయించండి, నోటిమాటగా చెబితే ఆ రోజు కుర్రాళ్లకు ఎవరూ చెప్పరు. వియ్యాలవారి బరాత్‌లో టపాసులు కాలుస్తారా అని ఇప్పుడే అడగండి. కాలుస్తామంటే ఎదురుకోలుకు బాబాయిగారిని పంపండి, నాన్నగారు మండపంలో ఉంటారు. కన్యాదానం అయ్యాక కాసేపు తలుపు వేసుకుని కూర్చోవడానికి ఒక గది, దాని తాళం ఆయన జేబులోనే ఉండాలి. ఇద్దరు మిత్రులకూ ఆ గది చూపించి ఉంచండి.